గడ్డి పీకితే డబ్బులిచ్చే పథకం: లాస్ వేగాస్ నుంచి నా రివ్యూ

మా ఇంటి ముందు లాన్‌లో దాన్ని కోసే మనిషి తప్ప ఎవరూ అడుగు పెట్టేవాళ్లు కాదు. అందుకే సదరన్ నెవాడా వాటర్ అథారిటీ రిబేటుకి అప్లై చేశాం. 2024లో ఇళ్లకి చదరపు అడుగుకి 5 డాలర్లు ఇచ్చారు.

వాళ్లు వచ్చి చూసి ఓకే అనేదాకా గడ్డి పీకకండి, తొందరపడితే రిబేటు పోతుంది. ఉత్తి రాళ్లు పరిచేసినా కుదరదు. మొక్కలు ఎదిగాక సగం నేలైనా కప్పాలి, నీళ్లు డ్రిప్‌లోనే పెట్టాలి.

ఇంత డబ్బు ఎందుకిస్తారంటే, కొలరాడో నదిలో నెవాడా వాటా ఏడాదికి 3 లక్షల ఎకరా-అడుగులే (ఎకరా నేలలో అడుగు లోతున నిలిచే నీళ్లే ఒక ఎకరా-అడుగు). సింకులో, షవర్‌లో వాడిన నీళ్లు శుద్ధి అయ్యి మళ్లీ ఆ నది మీదున్న లేక్ మీడ్ జలాశయంలో చేరతాయి, ఆ మేరకు రాష్ట్రం ఖాతాలో జమ, అంటే అన్ని నీళ్లు మళ్లీ తోడుకోవచ్చు. లాన్‌కి పెట్టినవి మాత్రం పోయినట్టే. చదరపు అడుగు గడ్డి తీస్తే ఏడాదికి 55 గ్యాలన్లు మిగులుతాయని అథారిటీ లెక్క. ఇది తెలిశాక షవర్ కట్టేయమని పిల్లల్ని సతాయించడం మానేశాను!

డ్రిప్ వేసిన కాంట్రాక్టరు మాత్రం ఏడిపించాడు. ఎమిటర్లు (నీటి చుక్కలు వదిలే మూతులు) మొక్క మొదట్లో కాకుండా రాళ్ల మధ్య వదిలేశాడు, లాంటానా పూల మొక్కలు ఎండిపోయాయి. ఎవరితో చేయించినా నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూశాకే బిల్లు కట్టండి.

నెవాడా 2021 చట్టం ప్రకారం 2026 తర్వాత కొలరాడో నీళ్లతో ఆఫీసుల ముందు, రోడ్ల పక్కన అలంకారపు గడ్డిని తడపకూడదు. ఒక్కో కుటుంబం ఉండే విడి ఇళ్లకి ఆ నిషేధం లేదు. రిబేటు రేటు మారుతూ ఉంటుంది కాబట్టి అప్లై చేసేముందు కనుక్కోండి.