ఆదివారం డ్యూటీలకు వాట్సాప్ పోల్: 5కు 3 స్టార్లు

హన్మకొండ, కాజీపేట చర్చి సంఘాల్లో పరిచర్యకు, అంటే ఆరాధన రోజు చేసే సేవకు, మనుషుల్ని కూర్చడానికి వాట్సాప్ పోల్ చాలు, పైసా ఖర్చు లేదు. ఒక పోల్‌లో 12 ఆప్షన్లే పడతాయి. కుర్చీలు, సౌండ్, సండే స్కూల్, ప్రేమ విందు (సంఘమంతా కలిసి తినే భోజనం) వడ్డన ఇట్లా విడివిడిగా రాయాలి. ‘సాయం చేస్తారా?’ అని ఊరికే అడిగితే అందరూ అవునంటారు, పొద్దున ఎవరూ రారు. ఎక్కువ జవాబులిచ్చే వీలు మొదటే ఆన్‌లో ఉంటుంది. ఆపకపోతే ఒకే అక్క మూడు పనులకూ నొక్కేస్తుంది.

అసలు లోపం వేరే. ఇద్దరు చాలన్నా పోల్ ఆపదు: సౌండ్‌కు 9 మంది, చెప్పుల దగ్గర సున్నా. ఓటు తర్వాత మార్చుకోవచ్చు కూడా. కాబట్టి బుధవారం పోల్, శుక్రవారం రాత్రి స్క్రీన్‌షాట్, శనివారం ఒక్కొక్కరికి ఫోన్. ఫోన్ మానేస్తే పోల్ దండగ.

మనుషుల్ని నిలుపుకోవడం మాత్రం దీనివల్ల కాదు. పత్తి ఏరే రోజుల్లో పరకాల, నర్సంపేట వైపు వాళ్లను, పరీక్షలప్పుడు కాలేజీ పిల్లలను అడగొద్దు. నెలకు రెండు ఆదివారాలు మించితే వంట దగ్గరి వదినలే ముందు తప్పుకుంటారు, అదీ చెప్పకుండా.