హాస్టల్ నెట్‌వర్క్‌లో విండోస్ డిఫెండర్: బీటెక్ అంతా వాడాక నా అభిప్రాయం

హాస్టల్‌లో కొత్తగా చేరే జూనియర్లు నన్ను తరచూ అడుగుతుంటారు, ఏ యాంటీవైరస్ కొనమంటావు అన్నా అని. ఏదీ కొనక్కర్లేదనే చెబుతాను. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌నే బీటెక్ అంతా వాడాను, ఇప్పుడు ఎంటెక్‌లోనూ అదే. కాకపోతే దాన్ని హాస్టల్‌కి తగ్గట్టు సెట్ చేసుకోవాలి.

ఇంట్లో వైఫై మీద ఉండేవి మనవాళ్ల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే. హాస్టల్ ల్యాన్‌లో (గదులన్నిటినీ కలిపే నెట్‌వర్క్‌లో) ముక్కూ మొహం తెలియని వాళ్ల మెషీన్లు కూడా ఉంటాయి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) ఎలా వ్యాపించిందో గుర్తు చేసుకోండి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండా, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. అందుకే నా దృష్టిలో స్కాన్ కన్నా రెండు విషయాలు ముఖ్యం. అప్‌డేట్లు ఆపకూడదు, పరీక్షలప్పుడు పాజ్ చేసినా, అవి అయిపోగానే వేసేయాలి. హాస్టల్ కనెక్షన్‌ని విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఎప్పుడూ 'పబ్లిక్'గానే ఉంచాలి. సినిమాలు షేర్ చేసుకోవడానికి చాలామంది 'ప్రైవేట్'కి మార్చి అలాగే వదిలేస్తారు. దాంతో వింగ్ మొత్తానికీ వాళ్ల ల్యాప్‌టాప్ కనిపిస్తూ ఉంటుంది.

నెట్‌వర్క్ తర్వాత అసలు టెన్షన్ పెన్‌డ్రైవ్‌తోనే. జిరాక్స్ షాపుకి వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మాయమై, వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. డిఫెండర్ ఆ షార్ట్‌కట్‌లను పట్టుకుని తీసేస్తుంది కానీ, వైరస్ దాచిన ఫోల్డర్లను బయటికి తేవడం దాని పని కాదు. ఇది తెలియక, ప్రాజెక్ట్ రిపోర్ట్ పోయిందనుకుని పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేసిన వాళ్లను చూశాను. దయచేసి అంత పని చేయకండి. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్ గుర్తులు తీసేస్తే ఫోల్డర్లన్నీ మళ్లీ కనిపిస్తాయి.

రాన్సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లను కాపాడే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాక, మనం రాసిన సీ ప్రోగ్రామ్ డాక్యుమెంట్స్‌లో ఫైల్ సేవ్ చేయబోయినా అడ్డుకుంటుంది. ల్యాబ్ పనికి వేరే ఫోల్డర్ పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. నేను ఆన్‌లోనే ఉంచుతాను.

ఇవన్నీ సెట్ చేసుకున్నా ఒక్క క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో (డబ్బు కట్టకుండా వాడేలా లైసెన్స్ తాళం తీసేసిన దాంతో) మొత్తం వృథా అవుతుంది. 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని రాసి ఉన్న ఏ ఫైలునీ, ఎంత దగ్గరి సీనియర్ ఇచ్చినా, తెరవకండి. ఆఫీస్ అయినా మ్యాట్‌ల్యాబ్ అయినా యూనివర్సిటీ లైసెన్స్ ఉందేమో కంప్యూటర్ సెంటర్‌లో అడగండి. లేకపోతే ఆఫీస్‌కి బదులు లిబ్రేఆఫీస్, మ్యాట్‌ల్యాబ్‌కి బదులు ఆక్టేవ్ ఉచితంగానే దొరుకుతాయి.

పాత ల్యాప్‌టాప్‌తో వచ్చేవాళ్లకి ఇంకో మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త వైరస్‌లను గుర్తించే సమాచారం డిఫెండర్‌కి అందుతున్నా, పొడిగింపు పథకంలో చేరకపోతే విండోస్‌లో బయటపడే లోపాలకు ప్యాచ్‌లు రావు. అలాంటి మెషీన్‌ని హాస్టల్ ల్యాన్‌కి తగిలించే ముందు 11కి మారండి. 11 ఎక్కని మెషీన్ అయితే విండోస్‌కి బదులు ఉబుంటు (లినక్స్) వేసుకోండి.