పరిచయాలు కలిపే ఏఐ యాప్: ఏడాది పైగా వాడాక

కంపెనీ డైరెక్టర్లను ఒకరితో ఒకరిని కలిపే ఈ తరహా యాప్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నేను డబ్బు కట్టి వాడుతున్న దాని పేరు చెప్పను, కారణం చదివితే మీకే తెలుస్తుంది. మాది జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు, అంటే మందుల రసాయనాలు కలిపే పెద్ద పాత్రలు (వెసెల్స్), చేసే యూనిట్.

నన్ను ఇన్నాళ్లూ పట్టి ఉంచింది ఒకే ఒక్క ఫీచర్. ప్రతి పరిచయం కింద "ఎందుకు కలవాలి" అని ఏఐ నాలుగు లైన్లు రాస్తుంది. చర్లపల్లిలో ఆటోమేషన్ చేసే ఒకాయన్ని చూపించి, "ఈయన దగ్గర 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11కు సరిపోయే డేటా రికార్డింగ్ ఉంది, వెసెల్స్ చేసేవాళ్లు దొరక్క ఆర్డర్లు వదులుకుంటున్నారు" అంది. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన నిబంధన అది. అక్కడికి మందులు పంపే కంపెనీల క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్లు దాని గురించి అడిగినప్పుడల్లా మేం నీళ్లు నమిలేవాళ్లం. ఇప్పుడు ఇద్దరం కలిసి కొటేషన్లు ఇస్తున్నాం, పాశమైలారంలో ఒక ప్లాంటుకు సరుకు కూడా వెళ్లింది. ఏళ్ల తరబడి హైటెక్స్‌లో ఒకే ఎగ్జిబిషన్‌లో స్టాళ్లు పెట్టుకున్నవాళ్లం, ఒకరి మొహం ఒకరికి తెలియదు!

మొదట్లో మాత్రం చికాకే. బాలానగర్‌లో రియాక్టర్లు చేసేవాళ్లు, ముంబై దగ్గర వసాయిలో రియాక్టర్లు చేసేవాళ్లు, అందరూ నా పోటీదారులే వచ్చేవారు. ప్రొఫైళ్లను అంకెలుగా మార్చి దగ్గరగా ఉన్నవాటిని పైకి తెస్తే అంతే మరి, మనలాంటివాళ్లే దొరుకుతారు. మన దగ్గర ఉన్నది ఒకచోట, కావాల్సింది ఇంకోచోట రాసే ఏర్పాటు వచ్చాక దారిలో పడింది.

గొడవంతా ఆ రెండో చోటే. "ప్రస్తుత ఇబ్బందులు" అని ఒక ప్రశ్న, దాని కింద చిన్న అక్షరాల్లో "మ్యాచింగ్‌కు మాత్రమే" అని ఒక భరోసా. పెద్ద ఆర్డర్ ఒకటి వాయిదా పడి షెడ్డులో ఒక వైపు ఖాళీగా ఉందని రాశాను. కొన్నాళ్లకు ఒక కంపెనీ పర్చేజ్ హెడ్ ఫోన్ చేశాడు. నమస్కారం అయిందో లేదో, "ఏంటి సార్, మీ షెడ్డు సగం ఖాళీ అట కదా, రేటు కొంచెం చూసి చెప్పండి" అన్నాడు. మీకెవరు చెప్పారండీ అంటే, "మీ యాప్‌లోనే ఉంది కదా సార్" అని స్క్రీన్‌షాట్ పంపాడు. ఆయనకు చూపించిన "ఎందుకు కలవాలి"లో మొదటి లైనే అది. ఒకవైపు అన్నది కాస్తా ఏఐ చేతిలో సగం అయింది. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంటి అప్పుల సంగతి మొదటి రోజే అవతలివాళ్ల చెవిన వేయడు. మేం వాడే 316ఎల్ రకం స్టీలు షీటు ధర అందరికీ తెలిసిందే, మాకు మిగిలేది ఫాబ్రికేషన్‌లోనే, దాన్నే ఆయన కోసేశాడు. ఆర్డర్ వదిలేశాం.

సపోర్ట్ వాళ్లను నిలదీస్తే, ఆ లైన్లు ప్రొఫైల్ మొత్తం చదివి మోడల్ రాస్తుందనీ, ఇప్పటికే పంపినవి వెనక్కి రావనీ చెప్పారు. 2023లో వచ్చిన డేటా పరిరక్షణ చట్టం చూపిద్దామంటే అది వ్యక్తుల వివరాలకు, కంపెనీ ఆర్డర్ బుక్‌కు కాదని మా లాయర్ చల్లగా చెప్పాడు.

ఆ తర్వాత చర్లపల్లి ఆయనతో టీ తాగుతూ ఈ సంగతీ, ఆయన గురించి యాప్ నాకు రాసిన లైన్లూ చెబితే, "అన్నా, వెసెల్స్ దొరక్క ఆర్డర్లు పోతున్నాయని నేనూ ఆ పెట్టెలోనే రాసుకున్నా, మీకెలా తెలిసింది?" అన్నాడు. అంటే నేను మెచ్చుకున్న ఆ నాలుగు లైన్ల గొప్పతనం కూడా ఇలా బయటపడ్డ గుట్టే.

ఇంకా వాడుతున్నాను, కానీ ఏడాది ప్లాన్ మానేసి మూడు నెలలదే కడుతున్నాను. ఇబ్బందుల పెట్టె ఖాళీగా వదిలేశాక మళ్లీ పోటీదారులు ఎక్కువగా వస్తున్నారు, అది నిజం. మా పనికి కావాల్సిన మనుషులు ఎక్కడో ఒక పారిశ్రామికవాడలో గేటు వెనక ఉంటారు కాబట్టి నాకు దీంతో కొంత పని ఉంది. రోజూ టీ-హబ్‌లో పది మందిని కలిసే సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంత డబ్బు గిట్టుబాటు కాకపోవచ్చు. ఆర్డర్లు నిండుగా ఉన్నవాళ్లు ధైర్యంగా అన్నీ నింపొచ్చు. మాకు ఆ ఖాళీ షెడ్డు నిండాక చూస్తాను.