"ఏటన్నాడ్రా ఆడు?": నాలుగేళ్లుగా మా ఇంట్లో ఉన్న రిసీవర్ సంగతి

మా నాన్నకి డెబ్బై ఆరేళ్లు. టీవీ ముందు కూచున్నంతసేపూ ఒకటే ప్రశ్న: "ఏటన్నాడ్రా ఆడు?" హీరో అన్నదీ, విలన్ అన్నదీ, ఆఖరికి వార్తలు చదివే అమ్మాయి అన్నదీ పక్కన కూచుని నేను మళ్లీ చెప్పాలి. నేను చెప్పేలోగా తర్వాతి మాట దాటిపోతుంది. దానికి మళ్లీ "ఏటన్నాడ్రా?" రెండున్నర గంటల సినిమాకి నాది రెండున్నర గంటల హరికథ. 2022 సంక్రాంతికి రిసీవర్, అంటే టీవీ శబ్దాన్ని గదిలో చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచే పెట్టె, కొన్నది ఇందుకోసం కాదు. ఇన్నాళ్లయినా దాన్ని అమ్మకుండా ఉంచింది మాత్రం ఇందుకే.

కంపెనీ పేరు రాయను. సర్వీసు దగ్గర నాకో పేచీ ఉంది, కింద చెబుతాను. పేరు రాస్తే అందరూ ఆ పేచీనే పట్టుకుంటారు. విశాఖలో 38,000 పెట్టి కొన్న 5.1 రిసీవరు, అంటే ఐదు స్పీకర్లు, బరువైన శబ్దాలకి విడిగా ఒక సబ్‌వూఫర్. వాట్లెన్ని, పోర్టులెన్ని అన్నవి డబ్బా మీదే ఉంటాయి. అవి చదివే నేనూ కొన్నాను, కొన్నాక మళ్లీ వాటి ముఖం చూడలేదు. ఒక్క ముక్క: ఛానెల్‌కి ఇన్ని వాట్లు అని పెద్దక్షరాల్లో వేసే అంకె మామూలుగా ఒకటో రెండో ఛానెళ్లు మోగించి కొలిచింది. ఐదూ ఒకేసారి మోగితే అంత రాదు. మా పన్నెండడుగుల గదికి అందులో పావు వంతు కూడా ఖర్చవదు, కాబట్టి ఆ అంకె గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మొదటి రెండు నెలలూ నేను మహా సంబరంగా ఉన్నాను. వెనక స్పీకర్లలో వాన, నెత్తి మీంచి హెలికాప్టరు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ కాఫీ కంటే ముందు హెలికాప్టరే. నాన్న ఓపిగ్గా విని, "బాంబులు బాగా ఇనబడతన్నాయిరా. మాటలే..." అని ఆపేశాడు.

వాల్యూమ్ పెంచితే చాలు కదా అనుకునేవాణ్ని. చాలదు. వయసు మీద పడ్డాక చెవిలో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. స, ష, ఫ లాంటివి. బరువైన అచ్చులు మోగుతూనే ఉంటాయి. అందుకే ఆయన "ఇనబడతంది గానీ తెలవట్లేదురా" అనేవాడు. వాల్యూమ్ పెంచితే మాటతో పాటు డప్పులూ పెరుగుతాయి, పాట రాగానే వంటింట్లోంచి అమ్మ కేకలు వేస్తుంది. పాటకి తగ్గించడం, మాటకి పెంచడం. రిమోట్ నొక్కి నొక్కి నా చేయి బొబ్బలెక్కింది.

ఉగాది వెళ్లిన వారం అనుకుంటాను, కేబుల్‌లో పాత సినిమా వస్తోంది. ఎందుకో సెంటర్ స్పీకర్ దగ్గర చెవి పెట్టాను. నిశ్శబ్దం. వైరు ఊడిందేమో అనుకున్నాను, ఊడలేదు. మా కేబుల్ ఛానెళ్లు వచ్చేవి స్టీరియోలో. రిసీవర్ కూడా "స్టీరియో" మోడ్‌లోనే ఉంది, అంటే కుడి, ఎడమ, సబ్‌వూఫర్, అంతే. ఐదు స్పీకర్లు కొని, మాటలు చెప్పాల్సిన దాని నోరు మూయించి మధ్యలో కూచోబెట్టాను. దాని లెవెల్ పెంచినా ఏ తేడా రాలేదని అంతకుముందు తిట్టుకున్నాను కూడా. ఎలా వస్తుంది? మోడ్ బటన్ నొక్కి "డాల్బీ సరౌండ్"కి మార్చాను. రెండు పక్కలా సమానంగా ఉన్న శబ్దాన్ని, అంటే ఎక్కువగా మాటల్నే, అది సెంటర్‌లోకి లాగుతుంది. ఆ తర్వాత రిమోట్ మీద ఆప్షన్ నొక్కి ఒక్క సెంటర్‌ని మాత్రం 4 డెసిబెల్స్ పెంచాను. రాత్రిపూట పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటిని లేపే సెట్టింగు కూడా వేశాను. అది నా దాంట్లో డాల్బీ ఫార్మాట్‌లో వచ్చే శబ్దానికే పనిచేస్తుంది.

పది నిమిషాలైనా నాన్న ఏమీ అడగలేదు. నిద్రపోయాడేమో అని తిరిగి చూశాను. మేలుకునే ఉన్నాడు. తెర మీద ఎవరో ఏదో ఎత్తిపొడుపు మాటన్నారు, నాకంటే ముందు ఆయన నవ్వాడు.

ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరు అడిగినా, అడగకపోయినా, "కొనుక్కోండి, ఆ ఒక్క బటన్ కోసం కొనుక్కోండి" అని చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఎందుకంటే తర్వాత ఇల్లు సర్దుతూ సెంటర్ స్పీకర్‌ని టీవీ స్టాండు కింది అరలోంచి తీసి పైన పెట్టి, ముందు వైపు రెండు రబ్బరు ముక్కలు ఎత్తుపెట్టి చెవి ఎత్తుకి వాల్చాను. ఆ పనికి పైసా ఖర్చు కాలేదు, వచ్చిన తేడా మాత్రం బటన్‌తో సమానం. ఇంకోటి, డబ్బాలో ఇచ్చే మైకుతో చేసే సెటప్ మొదట్లో ఫ్యాన్ తిరుగుతుండగానే చేసేశాను. ఆ చప్పుడుకి రిసీవర్ చిన్న స్పీకర్లని పెద్దవిగా రాసుకుని సబ్‌వూఫర్‌కి పని తగ్గించేసింది. ఫ్యాన్ ఆపి మళ్లీ చేశాను, స్పీకర్లన్నీ "స్మాల్", 80 హెర్ట్జ్ (అంతకంటే బరువైన శబ్దాలు సబ్‌వూఫర్‌కి వెళ్లేలా) అని నా చేత్తో మార్చాను. అలా మళ్లీ చేసినప్పుడు సెంటర్‌కి పెంచుకున్న నాలుగు డెసిబెల్సూ చెరిగిపోతాయి. ఆ సాయంత్రం నాన్న మళ్లీ "ఏటన్నాడ్రా" అన్నాకే నాకు తెలిసింది.

ఇక పేచీ. మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కాల్ సెంటర్‌తో హిందీ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి నుంచి మా అమ్మకి గాలి వేస్తే చాలు గుండె దడ. మబ్బు పడితే ముందు రిసీవర్ ప్లగ్గు పీకమని నేనే నేర్పాను. 2023 మే నెల, సాయంత్రం. మా ఆఫీసులో కాలబైశాఖి అంటారు, ఆ గాలివాన. అమ్మ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. రిసీవర్ ప్లగ్గు పీకింది. నేను చెప్పనివి, టీవీ ప్లగ్గు, కేబుల్ బాక్సు, అలాగే వదిలేసింది. దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది.

ఇంటికొచ్చేసరికి కమురు వాసన. సెట్‌టాప్ బాక్సు చచ్చింది, టీవీకి ఒక హెచ్‌డీఎంఐ పోర్టు (బొమ్మా శబ్దమూ ఒకే తీగలో వచ్చే సాకెట్టు) పోయింది. రిసీవర్ ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే రిలే ఎప్పట్లాగే టక్కుమంది, అంకెలు వెలిగాయి, ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట కూడా పాడింది. హెచ్‌డీఎంఐ మాత్రం ఒక్కటీ పలకలేదు, బొమ్మా లేదు, శబ్దమూ లేదు. ప్లగ్గు పీకేశాక కూడా ఎలా పోయిందో అర్థం కాక అమ్మని నాలుగు మాటలన్నాను. ఆ నాలుగూ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మర్నాడు బాక్సు మార్చడానికొచ్చిన కేబుల్ కుర్రాడు తల గోక్కుంటూ, "అన్నయ్యా, కరెంటు తీగ మీంచి రాలేదు, మా తీగ మీంచొచ్చింది" అన్నాడు. నిజమే. నాలుగు వీధుల స్తంభాల మీంచి వచ్చే రాగి తీగ అది. దాన్నుంచి బాక్సులోకి, బాక్సు నుంచి హెచ్‌డీఎంఐలో రిసీవర్‌లోకి, అక్కణ్నుంచి టీవీలోకి, టీవీ ప్లగ్గులోంచి గోడలోకి. మధ్యలో ఉన్నదాని ప్లగ్గు పీకి ఏం లాభం?

రెండేళ్ల వారంటీ ఇంకా ఉంది. ఫోన్ చేస్తే పిన్ కోడ్ అడిగారు. మాది 761తో మొదలవుతుంది కాబట్టి భువనేశ్వర్ పంపమన్నారు. కొన్నది విశాఖలో, దగ్గర కూడా అదే, అక్కడికి రాయండి అన్నాను. "ఆ పిన్ కోడ్ ఆ సెంటర్ కింద లేదు సార్." మూడు రోజులు, ముగ్గురు మనుషులు, ఒకటే వాక్యం. చివరికి మా చిన్నాన్న పేరుతో కొత్త ఫిర్యాదు రాయించాను. ఆయనుండేది పాతపట్నంలో, ఆటో ఎక్కితే చాయ్ చల్లారేలోగా చేరతాం, కానీ అది శ్రీకాకుళం జిల్లా. పిన్ కోడ్ 532. వెంటనే విశాఖ ఇచ్చారు. 1936లో ఒడిశాని విడదీస్తూ గీసిన గీత నా రిసీవర్ మీంచి కూడా పోతుందని అనుకోలేదు.

దుప్పట్లో చుట్టి, గుణుపురం నుంచి వచ్చే విశాఖ ప్యాసింజర్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. పసిపిల్ల అనుకుని ఒకావిడ సీటిచ్చింది, నిజం చెప్పి కూచున్నాను. సర్వీసు సెంటర్లో మూత విప్పి అరగంటలో తేల్చారు: హెచ్‌డీఎంఐ బోర్డు పోయింది, పిడుగు కాబట్టి వారంటీ వర్తించదు, కొత్త బోర్డు 14,500. వారంటీ కాగితంలో ఆ మాట ఉంది, చదవనిది నేనే, కాబట్టి దాని మీద నాకు కోపం లేదు. నా కోపమంతా పిన్ కోడ్ మీద. ఇదే మాట మొదటి రోజు ఫోన్లో చెప్పి ఉంటే రైలెక్కేవాణ్నే కాదు.

బోర్డు వద్దని మూట కట్టుకుంటుంటే విప్పిన కుర్రాడే నెమ్మదిగా అన్నాడు: "గురువు గారూ, మిగతాదంతా బాగుంది. వెనక ఆప్టికల్ ఉంది కదా, టీవీ నుంచి అది పెట్టుకోండి."

ఆ వైరు 250 రూపాయలు. ఇప్పుడు బాక్సు, పెన్‌డ్రైవు, యాప్‌లు అన్నీ నేరుగా టీవీకే. టీవీ నుంచి రిసీవర్‌కి ఆ ఒక్క తీగ. మొదటి రోజు అన్నీ స్టీరియోలోనే వచ్చాయి. టీవీ సౌండ్ సెట్టింగులో పీసీఎం (టీవీయే విప్పి పంపడం) అని ఉన్నదాన్ని బిట్‌స్ట్రీమ్ (వచ్చింది వచ్చినట్టు పంపడం) చేస్తే రిసీవర్ మీద డాల్బీ డిజిటల్ అని వెలిగింది. ఆప్టికల్‌లో 5.1 దాకా వస్తుంది, నెత్తి మీది స్పీకర్లకి కూడా శబ్దం పంపే అట్మాస్ రాదు. మా ఇంటి కప్పుకి స్పీకర్లు లేవు, నాకు పోయింది లేదు. మీకుంటే పోతుంది. డీటీఎస్ (డాల్బీ లాంటిదే ఇంకో ఫార్మాట్) ఉన్న ఫైళ్ల శబ్దాన్ని మా టీవీ బయటికి పంపదు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఆ ప్లాస్టిక్ తీగలో వెలుగు తప్ప కరెంటు నడవదు. మళ్లీ పిడుగొచ్చినా ఆ దారిన రిసీవర్‌ని చేరలేదు. అయినా మబ్బు పడితే అమ్మ ఇప్పుడు ముందు కేబుల్ తీగ విప్పుతుంది, తర్వాతే ప్లగ్గులు.

సెంటర్ లెవెల్ బటన్ రిమోట్ మీదే ఉండటం అప్పుడు కాపాడింది. హెచ్‌డీఎంఐ పోయాక తెర మీద మెనూ రాదు. ఆ సౌకర్యం మెనూ లోపల ఎక్కడో దాగుంటే, రిసీవర్ ముందున్న చిన్న అద్దంలో గుడ్డిగా వెతుక్కోవాల్సొచ్చేది. పోయింది వేరే: ఇదివరకు టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారేది, ఇప్పుడు నాన్నకి రెండు రిమోట్లు. రిసీవర్ రిమోట్‌కి వాల్యూమ్ బటన్లు తప్ప మిగతా అన్నిటి మీదా టేపు అంటించాను. దాన్ని ఆయన "మూతి కట్టిన రిమోట్" అంటాడు.

నిరుడు ఆయనకి చెవి మిషన్ పెట్టించాం. రెండేళ్లు బతిమాలితే ఒప్పుకున్నాడు, "పెట్టుకుంటే ముసలోణ్ననుకుంటార్రా" అని ఒకటే గోల. పెట్టుకున్నాక సెంటర్‌ని నాలుగు నుంచి ఒకటిన్నరకి దించాను. మిషన్ ముందే పెట్టించి ఉంటే ఈ బటన్ గురించి ఇంత రాసేవాణ్నా, తెలీదు. వెనక స్పీకర్లలో ఒకటి పాప మంచం వచ్చాక బీరువా మీదకెక్కి కప్పుని చూస్తోంది. అంటే 38,000 పెట్టి నేను వాడుకుంటున్నది ముందున్న మూడు స్పీకర్లనే, అందులోనూ ముఖ్యంగా ఒక్కదాన్ని. గది చిన్నదై, సినిమాలు వారానికొకటై, ఇంట్లో పెద్దవాళ్లుంటే మాటలకి విడిగా లెవెల్ ఉన్న సౌండ్‌బార్ సరిపోతుందేమో కూడా చూడండి. నాకైతే రిసీవరే నప్పింది. సగం చచ్చినా మిగతా సగం పనిచేస్తోంది, స్పీకర్లు మావి మాకే ఉన్నాయి. కానీ సర్వీసు సెంటర్ ఉన్న ఊళ్లో ఉండి, హెచ్‌డీఎంఐ పోతే పోయిన రోజే బాగు చేయించుకోగలవాళ్ల లెక్క వేరు.

మా వీధి చివరి మాస్టారు మొన్న అడిగారు, వాళ్ల నాన్నగారికీ ఇదే ఇబ్బంది, కొనమంటావా అని. ఎప్పట్లాగే "కొనండి" అనబోయి ఆగాను. వాళ్లింట్లో కేబుల్ లేదు, డాబా మీద డిష్ ఉంది. దానికి ఎర్త్ వైరు ఉందా అని అడిగాను. ఆయనకి తెలీదు. చూసి రమ్మన్నాను.