మాటొమో రివ్యూ: సొంత సర్వర్‌లో పెట్టుకుంటే జీడీపీఆర్ గొడవ వదిలినట్టేనా?

సైటుకి వచ్చేవాళ్లను లెక్కించే గూగుల్ అనలిటిక్స్ వాడిన తీరు, డేటా అమెరికాకు వెళ్తున్నందున, యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌కి విరుద్ధమని 2022లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, ఇటలీ నియంత్రణ సంస్థలు వరుసగా తేల్చాయి. 2023 జులైలో డేటా బదిలీపై అమెరికాతో కొత్త ఏర్పాటు వచ్చాక ఆ వేడి తగ్గింది. అయినా సైటుకి వచ్చేవాళ్ల లెక్కలు బయటివాళ్ల చేతికి ఇవ్వడం ఇష్టంలేని కంపెనీలకు, అదే లెక్కల పని సొంత సర్వర్‌లో చేసే మాటొమో ఇప్పటికీ మంచి ఎంపికే. ఓపెన్ సోర్స్, ఉచితం. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న హోస్టింగ్ చాలు. పాత పేరు పివిక్.

ఇన్‌స్టాల్ చేయడం తేలిక. అసలు పని ఆ తర్వాతే. ప్రైవసీ మెనూలో ఐపీ అడ్రస్ (సందర్శకుడి ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) చివరి రెండు బైట్లు చెరిపేలా పెట్టుకోవాలి. దాని కిందే, ఊరు, దేశం గుర్తించేటప్పుడు కూడా చెరిపిన ఐపీనే వాడాలా అని మరో ఆప్షన్ ఉంటుంది. అది చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. పాత ముడి లాగ్‌లు (ఒక్కో సందర్శన వివరాలు) ఎన్ని రోజులకు చెరిపేయాలో కూడా అక్కడే నిర్ణయించాలి. చెరిపినా మొత్తాల రిపోర్టులు ఉంటాయి గానీ, పాత నెలలకు కొత్త సెగ్మెంట్ (సందర్శకుల్లో ఒక వర్గాన్ని వేరుచేసే వడపోత) వేసి చూడటం ఇక కుదరదు. మార్కెటింగ్ వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం మేలు.

అందరూ జారిపడే చోటు యూఆర్‌ఎల్, అంటే పేజీ చిరునామా. పాస్‌వర్డ్ రీసెట్ లింకులో ఈమెయిల్ ఉందనుకోండి, ఐపీని ఎంత చెరిపినా పేజీల రిపోర్టులో ఆ ఈమెయిల్ బాహాటంగా కనిపిస్తుంది. వెబ్‌సైట్ సెట్టింగుల్లో మినహాయించాల్సిన పారామీటర్ల (యూఆర్‌ఎల్ చివర ప్రశ్నార్థకం తర్వాత వచ్చే భాగాల) జాబితా ఉంది, అందులో ఈమెయిల్ మోసుకొచ్చే పారామీటర్ పేరు చేర్చాలి. పేజీ టైటిల్‌లో కస్టమర్ పేరు వస్తుంటే మాత్రం సైట్ కోడే మార్చుకోవాలి.

అనుమతి అడిగే బ్యానర్ మాటొమో ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి. సైటులో పెట్టే ట్రాకింగ్ కోడ్‌లో ‘రిక్వైర్ కన్సెంట్’ అన్న లైను ‘ట్రాక్ పేజ్ వ్యూ’ కంటే పైన ఉండాలి. కింద పెడితే సందర్శకుడు బ్యానర్ చదివేలోపే మొదటి హిట్ (సందర్శన సమాచారం) సర్వర్‌కి వెళ్లిపోతుంది. పరీక్షించడానికి బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఏ బటనూ నొక్కకుండా పేజీ రీలోడ్ చేయండి. లెక్కలు అందుకునే ఫైలు మాటొమో డాట్ పీహెచ్‌పీకి ఒక్క రిక్వెస్టు కూడా వెళ్లకూడదు. ‘రిక్వైర్ కుకీ కన్సెంట్’ వేరు: రిక్వెస్టు వెళ్తుంది, కుకీ (సందర్శకుడిని గుర్తుపట్టేందుకు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైలు) మాత్రం పడదు.

కుకీలు ఆపేస్తే బ్యానరే అక్కర్లేదన్న మాట సగమే నిజం. ఫ్రాన్స్‌లో అక్కడి డేటా నియంత్రణ సంస్థ సీఎన్‌ఐఎల్ షరతులు పాటిస్తే మినహాయింపు దొరుకుతుంది: కేవలం సందర్శకుల లెక్కకే వాడాలి, కుకీ ఆయుష్షు 13 నెలలు, డేటా 25 నెలలు దాటకూడదు. జర్మనీలో కథ వేరు. అక్కడి చట్టం చూసేది సందర్శకుడి పరికరంలోంచి సమాచారం తీసుకున్నారా లేదా అని. కుకీ లేకపోయినా ఆ ప్రశ్న వస్తుంది.

నా డేటా ఇవ్వండి, చెరిపేయండి అని ఎవరైనా అడిగితే వెతికి ఎగుమతి చేయడానికి, తొలగించడానికి జీడీపీఆర్ టూల్స్ పేజీ ఉంది. చక్కగా పనిచేస్తుంది. కాకపోతే ఐపీ చెరిపేసి, యూజర్ ఐడీ (లాగిన్ అయినవాళ్లకు ఇచ్చే గుర్తు) కూడా వాడకపోతే ఆ మనిషిని వెతికి పట్టుకోవడం కష్టం.

సైట్ పెరిగేకొద్దీ డ్యాష్‌బోర్డ్ నత్తనడక నడుస్తుంది. బ్రౌజర్‌లో రిపోర్టులు తయారవడం ఆపి, గంటకోసారి క్రాన్‌తో (సర్వర్‌లో నిర్ణీత వేళకు పనులు నడిపే సాధనం) వాటిని ముందే తయారు చేయించాలి. అప్‌డేట్ల భారం కూడా మనదే. సర్వర్‌లోంచి డేటా లీకైతే, ఎవరికీ హాని లేదని తేలితే తప్ప, తెలిసిన 72 గంటల్లో నియంత్రణ సంస్థకు తెలపాల్సింది మనమే. హోస్టింగ్ కంపెనీతో డేటా ప్రాసెసింగ్ ఒప్పందం కూడా ఉండాలి.

జర్మన్ క్లయింట్ కోసం హైదరాబాద్ నుంచి దీన్ని నడిపే ఏజెన్సీలు సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెట్టాం కదా అని ఊరుకోకూడదు. ఇక్కడినుంచి లాగిన్ అయి చూసినా డేటా బయటి దేశానికి వెళ్లినట్టే లెక్క. భారత్‌లో డేటా రక్షణ సరిపోతుందన్న ఈయూ గుర్తింపు లేదు కాబట్టి డేటా బయటి దేశాలకు పంపేందుకు ఈయూ 2021లో ఇచ్చిన ప్రామాణిక ఒప్పంద నిబంధనలపై సంతకాలు కావాలి.