‘ఏ దేశం చానెలైనా వస్తది’ అని అమ్మే టీవీ బాక్సులు కొనకండి – మా ఇంట్లో జరిగింది

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో ఉండేవాళ్లు, ముఖ్యంగా పిల్లలో మనవలో అమెరికా నుంచి వచ్చి ఇంట్లో ఉన్నవాళ్లు, దసరాకు టీవీకి తగిలించి నెట్ ద్వారా చానెళ్లు చూసే ఆండ్రాయిడ్ బాక్స్ కొనే ఆలోచన ఉంటే దయచేసి ఇది చదివాక కొనండి. మేము ఆరున్నర వేలు పెట్టి కొన్నాం. పోయింది ఆ ఆరున్నర వేలే అయితే నేను ఇంత రాసేవాణ్ని కాదు.

మా అక్కావాళ్లు ఆరేళ్లు న్యూజెర్సీలో ఉండి మే నెలలో ఇంటికి వచ్చేశారు. మా మేనల్లుడికి అయిదేళ్లు. అక్కడ పొద్దున లేవగానే పీబీఎస్ కిడ్స్ చూడటం వాడికి అలవాటు. అది అక్కడి పబ్లిక్ టీవీ వాళ్ల పిల్లల చానెల్, పైసా కట్టక్కర్లేదు. కానీ ఇక్కడ ట్యాబ్‌లో యాప్ తెరిస్తే వీడియోలు ఆడవు, మీ ప్రాంతంలో లేదు అని వస్తుంది. కొత్త ఊరు, కొత్త బడి, తెలిసిన బొమ్మలు కూడా లేవు. రోజూ పడుకునే ముందు ‘మామా, నా టీవీ ఎప్పుడొస్తది’ అని అడిగేవాడు. ఆ మాట వినలేక నేనే బావను తీసుకుని చౌరస్తా దగ్గర ఒక షాపుకు వెళ్లాను. షాపు పేరు రాయను.

‘సార్, ఇండ్ల ఏ దేశం చానెలైనా వస్తది. వీపీఎన్ లోపల్నే ఉంది, నెలనెలా కట్టుడు లేదు’ అన్నాడు షాపతను. వీపీఎన్ అంటే మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే ఏర్పాటు. అరచేయంత నల్ల బాక్సు, ముందువైపు ఎర్ర అంకెల్లో టైము. అట్ట మీద 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ 13 అని ఉంది. దుబాయ్ మాల్ అన్నాడు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే వస్తువంటే మనకు మొదటి నుంచీ నమ్మకం కదా, ఆ ఒక్క మాటతో బావ కూడా సరే అన్నాడు. బిల్ అడిగితే జీఎస్టీ వేస్తే రేటు పెరుగుతుందని తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. అక్కడే ఆగి వెనక్కి రావాల్సింది.

ఇంటికి వచ్చి బిగించిన అబ్బాయి మొదట చేసిన పని ప్లే ప్రొటెక్ట్, అంటే ప్రమాదకరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ కాపలా, ఆపేయడం. ‘ఇది ఉంటే మన యాప్స్ ఎక్కయి సార్’ అన్నాడు. ఇంటి తాళం తీసి పక్కన పెట్టడం లాంటిదే అది. అప్పుడు నాకు తెలియలేదు.

మూడు వారాలు బాగానే నడిచింది. పిల్లాడు సంతోషంగా ఉన్నాడు, మాకూ అంతకన్నా ఏం కావాలి. బావ నెట్‌ఫ్లిక్స్ పెడితే మాత్రం బొమ్మ మసక మసకగా వచ్చేది, రిమోట్‌తో మౌస్ బాణాన్ని జరుపుకుంటూ పోవాలి. కారణం తర్వాత తెలిసింది. అందులో ఉన్నది టీవీ కోసం చేసిన ఆండ్రాయిడ్ కాదు, ఫోన్‌లో ఉండేది. ఇలాంటి అనుమతి లేని పరికరాలకు నెట్‌ఫ్లిక్స్ 480పీ (తక్కువ స్పష్టత) కంటే ఎక్కువ ఇవ్వదు, డబ్బా మీద 4కే అని ఎంత పెద్దగా రాసి ఉన్నా సరే. 128 జీబీ అన్నదీ అబద్ధమే. పెన్‌డ్రైవ్ నుంచి పెళ్లి వీడియోలు ఎక్కిస్తే అయిదు జీబీ దాటగానే ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి.

ఆ తర్వాత మొదలైంది అసలు టెన్షన్. ఫోన్‌లో గూగుల్ తెరిస్తే ప్రతిసారీ మీరు రోబో కాదని నిరూపించండి అని బస్సుల బొమ్మలు, సిగ్నల్ లైట్ల బొమ్మలు. రైలు టికెట్ సైట్ తెరుచుకోదు. అక్క ఆన్‌లైన్ మీటింగ్ మధ్యలో తెగిపోతుంది. ఒక రాత్రి రెండు గంటలకు నీళ్లకని లేచాను. టీవీ ఆఫ్‌లో ఉంది, ఫోన్లన్నీ పక్కన పెట్టి ఉన్నాయి, ఇల్లంతా నిద్రలో ఉంది. హాల్లో రూటర్ లైటు మాత్రం ఆగకుండా టకటకా కొట్టుకుంటోంది. పది నిమిషాలు అక్కడే నిలబడి చూశాను, ఆగలేదు.

మర్నాడు నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తే వాడే వస్తానన్నాడు. వచ్చి లాప్‌టాప్‌లో చూపించాడు. మా ఇంటి నుంచి నెలకు పదిహేను, ఇరవై జీబీ డేటా బయటికి (అప్‌లోడ్) పోయేది, ఆ నెల ఆరు వందలు దాటింది. అన్నీ రాత్రిపూటే. ‘అన్నా, మీ గల్లీలో ఇంకో నాలుగిళ్ల నుంచి గూడ ఇదే కంప్లైంట్’ అన్నాడు. చిన్న నెట్ కంపెనీలు ఒకే ఐపీ అడ్రస్‌ను, అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబర్‌ను, చాలా ఇళ్లకు పంచి ఇస్తాయి. ఆ అడ్రస్‌కు చెడ్డపేరు వస్తే పక్కింటివాళ్లకూ బస్సుల బొమ్మలే. రూటర్‌లో ఒక్కో పరికరాన్నీ తీసేసుకుంటూ వచ్చాడు. బాక్సు ప్లగ్ పీకగానే లైటు నెమ్మదించింది.

అప్పుడు కూర్చుని చదివాను. సినిమాలు, సీరియళ్ల హక్కులు దేశానికొకరికి అమ్ముతారు కాబట్టి కంపెనీలు మన ఐపీ అడ్రస్ చూసి ఏ దేశమో తేల్చుకుంటాయి. వీపీఎన్ పెడితే సర్వర్ కేంద్రాల అడ్రస్ కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని ఆపేస్తాయి. అందుకే మామూలు ఇళ్ల అడ్రసులకు చీకటి బజారులో గిరాకీ పెరిగింది. ఇంటి అడ్రస్ అయితే ఎవరూ అనుమానించరు కదా. ఆ అడ్రసులు సంపాదించే దారి ఇలాంటి బాక్సులు. మేము అమెరికా అడ్రస్ కోసం బాక్సు కొంటే, ఆ బాక్సు మా హన్మకొండ ఇంటి అడ్రస్‌ను ఎవరెవరికో అద్దెకిచ్చింది. దాని చాటున వాళ్లు దొంగ అకౌంట్లు తెరవొచ్చు, వేరేవాళ్ల పాస్‌వర్డ్‌లు కొట్టి చూడొచ్చు. రేపు పోలీసులు ఆరా తీస్తే కనిపించేది మా కనెక్షన్.

ఇది నా భయం మాత్రమే కాదు. 2023 జనవరిలో కెనడాలో ఒకాయన టీ95 అనే ఇలాంటి బాక్సు కొని, వైరస్ ముందే ఎక్కించి వచ్చిందని బయటపెట్టాడు. దాన్నీ, దాని జాతి బాక్సుల్నీ కలిపి తర్వాత బ్యాడ్‌బాక్స్ అన్నారు. 2024 డిసెంబర్‌లో జర్మనీ ప్రభుత్వ సైబర్ సంస్థ అక్కడి 30,000 పరికరాలకు దొంగలతో సంబంధం తెంపేసింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ జనాన్ని హెచ్చరించింది. జూలైలో గూగుల్ ఆ దొంగల మీద న్యూయార్క్ కోర్టుకెక్కింది, కోటికి పైగా పరికరాలు ఈ వైరస్ బారిన పడ్డాయని చెప్పింది. ఎఫ్‌బీఐ చెప్పిన గుర్తులు చదువుతుంటే మా హాలు చూసి రాసినట్టే ఉంది: పేరు తెలియని కంపెనీ, అన్నీ ఉచితంగా వస్తాయన్న మాట, ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం, బయటి యాప్ స్టోర్.

అన్నిటికన్నా బాధపెట్టింది అక్క సంగతి. తన అమెరికా ఈమెయిల్‌లోకి ఎవరో వెళ్లబోయారని అర్ధరాత్రి వరుసగా అలర్టులు వచ్చాయి. ఇక్కడికి వచ్చాక ఆ పాస్‌వర్డ్ ఆమె కొట్టింది ఆ బాక్సులో ఒక్కదాంట్లోనే. పాత బ్యాంకు, ట్యాక్స్ కాగితాలు అన్నీ ఆ మెయిల్‌లోనే ఉన్నాయి. పొద్దెక్కేదాకా కూర్చుని ఒక్కోటీ మార్చుకుంది. పిల్లాడి బొమ్మల కోసం ఇంత తెచ్చానని నాకు ఆ రాత్రి నిద్ర లేదు.

షాపుకు వెళ్తే వాడు ‘రీసెట్ కొట్టుండ్రి సార్, సాఫైతది’ అన్నాడు. సాఫ్ కాదు. వైరస్ ఉన్నది బాక్సు లోపలి మూల సాఫ్ట్‌వేర్‌లో, రీసెట్ చేస్తే మళ్లీ అదే పైకొస్తుంది. డబ్బు వాపస్ అంటే బిల్ చూపించమన్నాడు. తెల్ల కాగితం చూపిస్తే నవ్వాడు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, నంబర్ ఇచ్చారు. మీకు బ్యాంకులో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి, అంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు, కొట్టండి.

ఇంట్లో ఇప్పటికే ఇలాంటి బాక్సు ఉంటే ఈ రాత్రే ప్లగ్ పీకండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే కింద పరికరం సర్టిఫైడ్ అవునో కాదో రాసి ఉంటుంది. అడాప్టర్ తిప్పి చూడండి, బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరు తయారుచేశారో వస్తుంది. మా దాని మీద ఏమీ లేదు, 8+128 అన్న స్టిక్కర్ తప్ప. బాక్సులో కొట్టిన ప్రతి పాస్‌వర్డ్‌నూ ఫోన్ నుంచి మార్చండి, రూటర్ పాస్‌వర్డ్‌తో సహా. కొత్తది కొనేటట్టయితే గూగుల్ టీవీ గుర్తింపు ఉన్నదో, ఫైర్ స్టిక్ లాంటిదో బిల్‌తో కొనండి. వాటిలో అమెరికా చానెల్ రాదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. వస్తుందని ఎవరైనా చెబితే ఎలా వస్తుందో అడగండి.

మేనల్లుడు రెండు రోజులు ఏడ్చాడు. ఇప్పుడు సాయంత్రాలు మా నాన్న వాణ్ని భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్తున్నాడు.

బాక్సు బీరువాలో ఉంది, ఫిర్యాదు తేలేదాకా దాచిపెట్టాను. నర్సంపేట నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు ‘అన్నా, ఊరికే పడుంది కదా, నాకియ్యి, పిల్లలు చూసుకుంటరు’ అని అడిగాడు. వాడికి మొత్తం చెప్పి, లేదన్నాను. మీరు కూడా ఎవరికీ ఇవ్వకండి, సెకండ్ హ్యాండ్‌లో అమ్మకండి.