జాజ్ మొదలుపెట్టేవాళ్లకు ఏది మేలు: ‘కైండ్ ఆఫ్ బ్లూ’నా, ‘టైమ్ అవుట్’నా?

ఆదివారం సాయంత్రాలు విశాఖ లాసన్స్ బే కాలనీలో మా మిత్రుడి మేడ మీద నలుగురం కలుస్తాం. ఆ వారం ఎవరు ఏ ఆల్బమ్ విన్నారో చెప్పుకుంటాం, నచ్చిన ట్రాక్ ఒకటి మిగతావాళ్లకు వినిపిస్తాం. కిందటి నెల మిత్రుడి చెల్లెలు కూడా వచ్చి కూర్చుంది. ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తోంది, చిన్నప్పుడు కొన్నాళ్లు గాత్రం నేర్చుకుంది. కాసేపు విని, “అన్నయ్యా, అసలు జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క ఆల్బమ్ పేరు చెప్పండి చాలు” అని అడిగింది.

నలుగురం నాలుగు పేర్లు చెప్పాం. మిత్రుడు ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అన్నాడు. నేవీ బ్యాండ్‌లో శాక్సఫోన్ వాయించి రిటైరైన పెద్దాయన జాన్ కోల్‌ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ అన్నారు. వయొలిన్ మాస్టారు జాజ్‌నీ మన సంగీతాన్నీ కలిపిన బృందం ‘శక్తి’ అన్నారు. నేను పియానో వాయించే డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ అన్నాను. ఎందుకన్నానో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను.

అసలు పోటీ మిత్రుడి మాటకీ నా మాటకీ మధ్యే. ఆ రెండు ఆల్బమ్‌లూ ఒకే ఏడు, ఒకే కంపెనీకి, ఒకే గదిలో పుట్టాయి. న్యూయార్క్‌లో కొలంబియా రికార్డ్స్ వాళ్ల 30వ వీధి స్టూడియో అది, అంతకుముందు చర్చి. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు సిట్టింగుల్లో మైల్స్ తన రికార్డింగ్ ముగించాడు. అదే ఏడు జూన్‌లో బ్రూబెక్ క్వార్టెట్, అంటే నలుగురి బృందం, అక్కడికి వచ్చింది, ఆగస్టుకి వాళ్ల పనీ అయిపోయింది.

మన సంగీతం తెలిసినవాళ్లకు ‘కైండ్ ఆఫ్ బ్లూ’యే సులువని మిత్రుడి వాదన. మొదటి ట్రాక్ ‘సో వాట్’ డోరియన్ స్కేల్ అనే స్వరాల వరుస మీద నడుస్తుంది. ఆ మెట్లు మన ఖరహరప్రియ రాగం మెట్లే: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. ఆ రాగంలో త్యాగరాజ కృతి ‘చక్కని రాజమార్గము’ విన్న చెవికి ఇందులో కొత్త ఏముంటుంది అంటాడు. పైగా ముందుగా రిహార్సల్ లేకుండా, మైల్స్ రాసుకొచ్చిన కొద్దిపాటి రూపురేఖలు పట్టుకుని వాయించిన సంగీతం. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించుకుని పాడటం, ఇదే కదా అంటాడు.

నేనూ ఒకప్పుడు అలాగే నమ్మి ‘సో వాట్’ని వయొలిన్ మాస్టారికి వినిపించాను. పియానో, బేస్ కలిసి చేసే ఆలాపన లాంటి ఆరంభం ఆయనకు నచ్చింది. తర్వాత బేస్ ఒక ప్రశ్న వేస్తుంది, మిగతా వాద్యాలు రెండే స్వరాల్లో జవాబిస్తాయి. పదహారు బార్లు (బార్ అంటే మన ఆవృతం లాంటిది) హాయిగా తల ఊపుతూ విన్నారు. పదిహేడో బార్ దగ్గర తల ఆగిపోయింది. “శ్రుతి జరిగిందేమిటయ్యా?” అన్నారు.

ఆయన విన్నది నిజమే. ఆ పాట 32 బార్ల చట్రం. పదహారు బార్లు ఒక షడ్జం, తర్వాతి ఎనిమిది బార్లు దానికి అరమెట్టు పైన, చివరి ఎనిమిది బార్లు మళ్లీ మొదటి చోటికి. మనకు ఆధార షడ్జం కచేరీ మొత్తానికీ నేల లాంటిది. ఇక్కడ ఆ నేలే పైకి లేచి కిందికి దిగుతుంది. గమకం కూడా ఉండదు. మైల్స్ ట్రంపెట్ మీద స్వరాన్ని ఊపడు, నిటారుగా నిలబెట్టి వదిలేస్తాడు. ఖరహరప్రియ అని చెప్పి కూర్చోబెడితే మన చెవి రాగం కోసం వెతుకుతుంది. దొరకదు. అప్పుడు ‘బాగానే ఉంది, మెత్తగా ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. ఆ మెత్తదనమే ఈ ఆల్బమ్‌కి శత్రువు. చదువుకుంటూనో వంట చేసుకుంటూనో వెనకాల పెట్టుకునే సంగీతంగా మిగిలిపోతుంది. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

‘టైమ్ అవుట్’లో మన చెవిని పలకరించేది రాగం కాదు, తాళం. నేను చిన్నప్పుడు ఐదేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి నాకు పక్షపాతం ఉంటే ఉండొచ్చు. కానీ చేత్తో తాళం వేయడం తెలిసిన ఎవరికైనా అందులోని ‘టేక్ ఫైవ్’ అనే ట్రాక్ తలుపు తీసే ఉంటుంది. ఐదు దెబ్బల ఆవృతం. మన ఖండ చాపు ‘తక తకిట’ అయితే ఇది ‘తకిట తక’. బ్రూబెక్ పియానో ఆ ఐదుని చివరిదాకా వదలదు. జో మొరెల్లో డ్రమ్ సోలో వాయిస్తున్నప్పుడు కూడా కింద అదే నడుస్తూ ఉంటుంది, అందుకే మొరెల్లో ఎంత దూరం పోయినా మనం లెక్క తప్పం. మన కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో పక్కన కూర్చున్నవాళ్లు తాళం వేసి చూపిస్తారే, ఆ పని ఇక్కడ పియానో చేస్తుంది.

దీన్ని బీచ్ రోడ్డు మీద నడుస్తూ వినండి. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టి అడుగుకో దెబ్బ వేసుకుంటూ వెళ్లండి. మనకు కాళ్లు రెండు, దెబ్బలు ఐదు. ఒక ఆవృతం కుడికాలితో మొదలైతే తర్వాతది ఎడమకాలితో మొదలవుతుంది. కాసేపటికి ఒళ్లంతా దాంట్లో పడిపోతుంది. అదే నడకలో ‘సో వాట్’ పెడితే ఆ సన్నని ఆరంభం కెరటాల హోరులో వినపడనే వినపడదు. అది రాత్రి పది దాటాక, ఫ్యాన్ కూడా తగ్గించి వినాల్సింది.

‘టేక్ ఫైవ్’ రాసింది బ్రూబెక్ అని చాలామంది అనుకుంటారు. రాసినవాడు ఆల్టో శాక్సఫోన్ వాయించే పాల్ డెస్మండ్. 1977లో పోతూ ఆ పాట రాయల్టీలు అమెరికన్ రెడ్‌క్రాస్‌కి రాసిచ్చాడు.

ఇక అదే ఆల్బమ్‌లోని ‘బ్లూ రోండో అలా టర్క్’. 1958లో అమెరికా ప్రభుత్వం పంపిన పర్యటనలో బ్రూబెక్ టర్కీకీ మన దేశానికీ కూడా వచ్చాడు. అప్పుడు టర్కీలో వీధి కళాకారుల దగ్గర విన్న తొమ్మిది దెబ్బల నడక ఇది: తక తక తక తకిట. మూడుసార్లు అలా తిరిగి, నాలుగోసారి తకిట తకిట తకిట అవుతుంది. ఒక్కసారి నోటితో అనండి, పాట మీకు వచ్చేసినట్టే.

అలాగని ‘టైమ్ అవుట్’ గొప్ప ఆల్బమ్, ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తక్కువది అనడం లేదు. ‘టేక్ ఫైవ్’ యాభైసార్లు విన్నాక అందులో నాకు కొత్తగా దొరికేది తగ్గింది. మైల్స్ ఆల్బమ్‌లోని ‘బ్లూ ఇన్ గ్రీన్’లో బిల్ ఎవాన్స్ పియానో మాత్రం ఇప్పటికీ ప్రతిసారీ ఇంకోలా వినిపిస్తోంది. జీవితాంతం ఒక్కటే ఉంచుకోమంటే మైల్స్‌దే ఉంచుకుంటాను. ఆ అమ్మాయి అడిగింది మొదటిది ఏదని.

పెద్దాయన చెప్పిన ‘ఎ లవ్ సుప్రీమ్’ మీద నాకున్నది భక్తే. 1964 డిసెంబరు 9న ఒక్కరోజులో నలుగురు వాయించిన నాలుగు భాగాలు, మొత్తం 33 నిమిషాలు. చివరి భాగం ‘సామ్’లో కోల్‌ట్రేన్ తాను రాసుకున్న ప్రార్థనను మాట మాటా శాక్సఫోన్‌తో పలుకుతాడు. తాళం కట్టు ఉండదు, కింద డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ వాద్యాలు ఉరుముతుంటాయి. పద్యాన్ని రాగయుక్తంగా చదవడం విన్న తెలుగువాడికి అది వెంటనే అందుతుందని పెద్దాయన అంటారు. ఆ ఒక్క భాగం వరకు నిజం. కానీ దానికి ముందు మూడో భాగంలో శాక్సఫోన్ వేగం, తీవ్రత కొత్త చెవిని భయపెడతాయి. నన్ను భయపెట్టాయి. మొదటిసారి సగంలో ఆపేసి రెండేళ్లు దాని జోలికి పోలేదు.

మాస్టారు చెప్పిన ‘శక్తి’ని వాదన లేకుండా ఒప్పుకోవచ్చు. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. తర్వాత రోజుల్లో ‘రిమెంబర్ శక్తి’లో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ వాయించారు. కానీ అది జాజ్ మన ఇంటికి రావడం. ఆ అమ్మాయి వెళ్తానన్నది వాళ్ల ఇంటికి.

చివరికి ఆమెకు నేను చెప్పింది ఇది: వారమంతా ‘టేక్ ఫైవ్’, ‘బ్లూ రోండో’ రెండే విను, చేత్తో తాళం వేస్తూ విను, ఇంకేమీ వద్దు.

తర్వాతి ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. ‘బ్లూ రోండో’ ఆవృతాలు గీతలు గీసి లెక్కపెట్టింది. “అన్నయ్యా, మధ్యలో ఆ తొమ్మిది ఎక్కడికో పోయింది. తొమ్మిదీ నాలుగూ కాసేపు మార్చి మార్చి వస్తున్నాయి, తర్వాత అంతా నాలుగే. అక్కడ నా లెక్క చెడిపోయింది” అంది.

“చెడిపోలేదు తల్లీ, అక్కడ నిజంగానే నాలుగుకి మారతారు. అది బ్లూస్” అన్నారు పెద్దాయన.

“మళ్లీ మొదటినుంచి పెట్టి లెక్కపెడదామనుకున్నాను. ఈలోగా ఆ శాక్సఫోన్ వచ్చింది. లెక్కపెట్టడం మర్చిపోయి విన్నాను” అంది.

మిత్రుడు మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. నేను వద్దనలేదు.